రెండున్నర అడుగుల ఎత్తులో టోక్యో

నరిటా విమానాశ్రయంలో నన్ను మొదట పలకరించింది ఒక కుక్క. చిన్న కోటు తొడుక్కున్న బీగిల్. మాంసం, పళ్లు ఎవరైనా పెట్టెల్లో తెస్తున్నారేమోనని వాసన చూడ్డం దాని ఉద్యోగం. నా పెట్టెలో గోంగూర పచ్చడి, కందిపొడి, డబ్బా నిండా అరిసెలు. అది వచ్చి, ముక్కు ఆనించి, కాసేపు ఆలోచించి, పక్కాయన సంచి దగ్గరికి వెళ్లిపోయింది. తెనాలిలో మా వీధి కుక్కలైతే నెయ్యి వాసనని అంత తేలిగ్గా వదిలేవి కావు.

బయట మా అమ్మాయి, స్ట్రోలర్‌లో చిట్టి. చిట్టికి ఏడాదిన్నర. పురుడు మా ఇంట్లోనే పోశాం. అన్నప్రాశన అవగానే దాన్ని తీసుకుని టోక్యో వచ్చేశారు. అప్పట్నుంచి మా ఇద్దరి పరిచయం వీడియో కాల్‌లోనే. "ఎవరొచ్చారో చూడవే, అమ్మమ్మ!" అంది మా అమ్మాయి. చిట్టి నా మొహం చూసింది. వాళ్లమ్మ చేతిలోని ఫోన్ చూసింది. మళ్లీ నన్ను చూసింది. తర్వాత చెయ్యి చాపి ఫోన్ అడిగింది. అమ్మమ్మ ఉండేది అందులో కదా. ఈ చీర కట్టుకున్నావిడ ఎవరో దానికేం తెలుసు?

వాళ్లుండేది నిషి-కసాయ్ అనే చోట. టోక్యోకి తూర్పున, ఎదొగావా వార్డులో ఉంది. 2000 సంవత్సరం ముందూ వెనకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చిన మనవాళ్లు ఇక్కడ అద్దెకు దిగడం మొదలుపెట్టారట. నగరం నడిబొడ్డుకి ఒకే రైలులో, తోజాయ్ లైన్‌లో, వెళ్లిపోవచ్చు కాబట్టి వచ్చినవాళ్లు ఇంకొందరికి చెప్పారు. ఇప్పుడు మినప్పప్పు దొరుకుతుంది, కరివేపాకు దొరుకుతుంది. మొదటి రోజే లిఫ్టులో ఒకావిడ "కుక్కర్ ఆఫ్ చేశావా?" అని మన భాషలో ఫోన్లో అరుస్తుంటే ప్రాణం లేచి వచ్చింది.

ఇల్లు చిన్నది. గడప దగ్గరే చెప్పుల కోసం నేల ఒక మెట్టు కిందికి ఉంటుంది. లోపలంతా మందపాటి స్పాంజి పలకలు పరిచారు. చిట్టి పడితే దెబ్బ తగలకుండా అనుకున్నాను. "చిట్టి కోసం కాదమ్మా, కిందింటివాళ్ల కోసం. దీని పరుగు వాళ్లకి వినపడకూడదు" అంది మా అమ్మాయి. నేను పెట్టెలోంచి అప్పుడే తీస్తున్న మువ్వల పట్టీలని మళ్లీ లోపల పెట్టేశాను. మన దగ్గర పిల్ల ఇంట్లో ఎక్కడుందో తెలియడానికి మువ్వలు కడతాం. ఇక్కడ పిల్ల ఉందని తెలియకుండా నేలకి దుప్పటి కప్పుతారు. మనసు కొంచెం చివుక్కుమన్నమాట నిజం. కానీ ఆ కిందింటి ముసలాయన చిట్టి ఎదురైనప్పుడల్లా నడుం వంచి దాని ఎత్తుకి దిగి దణ్ణం పెట్టి వెళ్తాడు. అది చూశాక ఆ స్పాంజి పలకల మీద నాకూ గౌరవం పుట్టింది.

టోక్యో చూడ్డానికి వెళ్లేవాళ్లు ఏ ఏజెంటునో గైడునో మాట్లాడుకుంటారు. నాకు గైడు చిట్టి. దాని పద్ధతి వేరు. ఇంటి నుంచి స్టేషన్‌కి పెద్దవాళ్లకి పది నిమిషాల దారి. చిట్టితో ముప్పావుగంట. మురుగు మూతలన్నిటి దగ్గరా ఆగాలి. నిజానికి ఆగాల్సినవే. జపాన్‌లో ఒక్కో ఊరివాళ్లు మ్యాన్‌హోల్ మూతల మీద తమ పువ్వో పిట్టో బొమ్మ పోతపోయిస్తారు. తలెత్తుకు నడిచేవాళ్లకి అవి కనపడవు. శీతల పానీయాల యంత్రం కనిపిస్తే కింది వరస మీటలు నొక్కాలి. లిఫ్టులో రెండు చోట్ల మీటలుంటాయి, ఒకటి మన ఎత్తులో, ఇంకోటి చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ల ఎత్తులో. ఆ రెండోది తన కోసమే పెట్టారని చిట్టి నమ్మకం. అన్ని అంతస్తులూ వెలిగిస్తుంది. లోపలున్నవాళ్లు ఒక్కరూ విసుక్కోరు. నేను మాత్రం ఒక్కో అంతస్తులో తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల వంచి నమస్కారాలు పెట్టుకుంటూ పైకి వెళ్తాను.

మీరు పసిపిల్లతో వెళ్తే ముందుగా మెచ్చుకునేది మరుగుదొడ్లనే, రాసి పెట్టుకోండి. చాలాచోట్ల గోడకి ఒక చిన్న ప్లాస్టిక్ కుర్చీ బిగించి ఉంటుంది, బెల్టుతో సహా. తల్లి తన పని చూసుకునేదాకా పిల్లని అందులో కూర్చోబెట్టుకోవచ్చు. మన రైల్లో ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో కిటికీ ఊచని పట్టుకుని నానా అవస్థలూ పడ్డదాన్ని. ఆ కుర్చీని కాసేపు చేత్తో తడిమి మరీ చూశాను. పెద్ద దుకాణాల్లో పాలు కలుపుకోవడానికి వేడినీళ్ల కుళాయి, పాలిచ్చుకోవడానికి తెర కట్టిన గది, పిల్ల బరువు చూసుకునే తూకం కూడా ఉంటాయి.

ఇక దారి తప్పడం. నిషి-కసాయ్ కాలనీల్లో భవనాలన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు, పక్కన పెద్ద అంకెలు. ఓ సాయంత్రం చిట్టి నిద్రపోయింది కదా అని స్ట్రోలర్ తోసుకుంటూ స్టేషన్‌కి రెండోవైపు దిగాను. దిగాక అన్నీ మా భవనాలే, ఒక్కటీ మాది కాదు. అడిగేద్దామంటే నా దగ్గరున్న జపనీస్ "అరిగాతో" ఒక్కటే. దారి చెప్పకముందే కృతజ్ఞతలు చెప్తే ఎవరికేం అర్థమవుతుంది? అంతలో వీధి స్పీకర్లలోంచి ఒక మెల్లని పాట వినపడింది. మన గుళ్లో మైకు గుర్తొచ్చి చేతులు జోడించబోయాను. పార్కులో ఆడుకుంటున్న పిల్లలు సైకిళ్లు తీసుకుని ఎవరిళ్లకి వాళ్లు బయల్దేరారు. సాయంత్రమైంది, ఇళ్లకి పొండని రోజూ వార్డువాళ్లే వేస్తారట ఆ పాట. మా చిన్నప్పుడు ఆ పని మా అమ్మ గొంతు చేసేది, నాలుగు వీధులకి వినపడేలా.

ఆ పాటకి చిట్టి లేచింది. కొత్త వీధి చూసి ఏడుపందుకుంది. ఒక తల్లి సైకిలాపింది. ఆ సైకిల్ గురించి చెప్పాలి. ముందొక సీటు, వెనకొక సీటు, ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ హెల్మెట్లు, బుట్టలో ఉల్లికాడలు, ఎత్తు ఎక్కడానికి బ్యాటరీ. వాన వస్తే పిల్లల సీట్ల మీద ప్లాస్టిక్ గుడారం దించుతారు. మన దగ్గర స్కూటీ ముందు పిల్లాణ్ణి నిలబెట్టుకుని పోయే తల్లికి ఏమాత్రం తీసిపోని ధైర్యం, కాకపోతే దానికి బెల్టూ బకిల్సూ ఉన్నాయి. ఆవిడ నన్ను కోబాన్ దాకా నడిపించింది. కోబాన్ అంటే వీధి మూలన ఒక గది పోలీసు స్టేషను. కుర్ర పోలీసు గోడ మీది పటం చూపించి అడిగాడు. నాకు గుర్తున్నది భవనం అంకె ఒక్కటే. అది వేలితో గాలిలో రాసి చూపించాను. పోలీస్‌స్టేషన్ గడప తొక్కడం నా జన్మలో అదే మొదలు. అది కూడా మనవరాలితో, టోక్యోలో! చిట్టి ఆయన టోపీ అడిగింది. అది మాత్రం ఇవ్వలేదు.

మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు కాబట్టి చిట్టి పగలు డేకేర్‌లో ఉంటుంది. ఓ రోజు రాత్రి అమ్మాయి బల్ల మీద డైపర్ల కట్ట పెట్టుకుని ఒక్కోదాని మీదా రబ్బరు స్టాంపు కొడుతోంది. ఏంటే అంటే, "చిట్టి పేరమ్మా. ప్రతి డైపర్ మీదా పేరుండాలి" అంది. నవ్వాగలేదు నాకు. అర్ధగంటలో చెత్తబుట్టలోకి పోయేదానికి నామకరణం! కొన్నిచోట్ల వాడేసినవి కూడా సంచిలో కట్టి సాయంత్రం తల్లిదండ్రుల చేతికే ఇచ్చేవారట, ఇప్పుడిప్పుడే మానుతున్నారట. పేరు డైపర్‌తో ఆగదు. చెంచా, తువ్వాలు, మేజోళ్లు, రెండు మేజోళ్లకీ విడివిడిగా. మన ఊళ్లో పెళ్లికిచ్చిన స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించడం ఒక్కటే నేనెరుగుదును.

దాంతోపాటు ఒక నోటు పుస్తకం. పొద్దున తల్లి రాయాలి: ఒంటి వేడి ఎంతుంది, రాత్రి ఏం తింది, ఎన్నింటికి పడుకుంది, విరేచనం అయిందా. సాయంత్రం టీచరు రాస్తుంది: అన్నం ఎంత తింది, ఎంతసేపు నిద్రపోయింది, ఈవేళ చీమని చూసి ఏం చేసింది. రోజూ ఒక పేజీ. మా అమ్మాయి చిన్నతనం గురించి నా దగ్గర ఉన్నదల్లా జ్ఞాపకం. అదీ మా అత్తగారి జ్ఞాపకంతో చాలా విషయాల్లో కలవదు. ఆ పుస్తకం చూసి కాస్త అసూయపడ్డాను.

పొద్దున పదింటికి డేకేర్ చుట్టుపక్కల నిలబడితే ఒక వింత చూడొచ్చు. చక్రాల మీద కటకటాల తొట్టి లాంటి బండి. అందులో ఐదారుగురు పిల్లలు అంచు పట్టుకుని నిలబడి ఉంటారు, అందరికీ ఒకే రంగు టోపీ. టీచర్లు తోసుకుంటూ పార్కుకి తీసుకెళ్తారు. దారిన పోయేవాళ్లకి వాళ్లు చెయ్యి ఊపుతారు, ఊరేగింపులో ఉత్సవ విగ్రహాల దర్జాతో. చిట్టి నన్ను చూసి కూడా మిగతావాళ్లకి ఊపినట్టే ఊపింది. ప్రత్యేకంగా ఏమీ లేదు.

తిండి సంగతికొస్తే, పిల్లకి మొదట పెట్టేది మనకి తెలిసిందే: ఒక వంతు బియ్యం, పది వంతులు నీళ్లు పోసి వండిన జావ. ఉప్పు కూడా వెయ్యరు. ఇంతవరకు నాకూ వాళ్లకీ పేచీ లేదు. పేచీ నాత్తో దగ్గర వచ్చింది. పులియబెట్టిన సోయా గింజలు. కలిపి చెంచా ఎత్తితే తీగలు సాగుతాయి, వాసన గది దాటి వస్తుంది. ఏడాది నిండని పిల్లలకే తరిగి పెడతారు. చిట్టి గిన్నె నాకి, గడ్డానికి తీగలు వేలాడేసుకుని నా ఒళ్లోకి వచ్చింది. గోంగూర చూపిస్తే మాత్రం మొహం తిప్పుకుంది. పెద్దదయ్యాక చూద్దాంలే అనుకున్నాను. ఆశ వదులుకోలేదు.

మాకు సంధి కుదిరింది అన్‌పాన్ దగ్గర. చిన్న బన్ను, లోపల ఎర్ర అజుకి గింజల్ని ఉడికించి పంచదార కలిపిన ముద్ద. కొరికితే అచ్చం బూరెలో పూర్ణమే, యాలకులు మర్చిపోయారంతే. ఆ బన్ను తలగా ఉన్న బొమ్మల వీరుడు ఒకడున్నాడు, అన్‌పాన్‌మాన్. యనసె తకాషి అనే ఆయన 1973లో బొమ్మల పుస్తకంగా తెచ్చాడు. 1988 నుంచి టీవీలో వస్తున్నాడు. ఆకలేసినవాళ్లకి తన మొహంలోంచి ముక్క తుంచి పెడతాడు. బేకరీ తాత కొత్త మొహం కాల్చి తగిలిస్తాడు. మొదటిసారి చూసినప్పుడు గుండె గుభేలుమంది. కర్ణుడు, శిబి చక్రవర్తి కథలు విన్నదాన్ని, అయినా తల తుంచి తినిపించడం కొత్త. నిషి-కసాయ్‌లో పసిపిల్లల చెప్పుల మీద, సీసాల మీద, కట్టు పట్టీల మీద కూడా వాడే. చిట్టికి అమ్మ, నాన్న తర్వాత నోరు తిరిగిన పేరు వాడిదే. అమ్మమ్మది ఆ తర్వాత.

నేనున్నప్పుడే చిట్టికి ఏడాదిన్నర పరీక్ష వచ్చింది. పరీక్ష అంటే వార్డు ఆరోగ్య కేంద్రంలో పిల్లలందరికీ చేసే తనిఖీ. ఏడాదిన్నర వయసులో ఒకసారి, మూడేళ్ల వయసులో ఒకసారి చెయ్యాలని అక్కడ చట్టం. దానికి ఆధారం తల్లీబిడ్డల చిట్టాపుస్తకం. కడుపుతో ఉన్నామని వార్డు ఆఫీసులో చెప్పిన రోజే చేతికిస్తారు. 1942లో యుద్ధకాలంలో గర్భిణుల కోసం మొదలైందట. అది చూపిస్తే రేషన్ కాస్త ఎక్కువ దొరికేది. 1948 నుంచి తల్లికీ బిడ్డకీ కలిపి ఒకటే అయింది. మన అంగన్‌వాడీలో తూకం వేసి రాసే కార్డు ఉంది కదా, దానికి పెద్దక్క అనుకోండి.

పెద్ద హాలు. ఒంటి మీద డైపర్లు మాత్రమే మిగిలిన ఏడాదిన్నర వయసువాళ్లు, ఏడుపులు, తూకాలు. నర్సమ్మ నాలుగు చెక్క దిమ్మలు పెట్టింది. ఒకదాని మీద ఒకటి పేర్చాలి. చిట్టి పేర్చింది, చప్పట్లు తనే కొట్టుకుంది. తర్వాత బొమ్మల అట్ట. కుక్క ఏదో, కారు ఏదో వేలుపెట్టి చూపించాలి. నర్సు జపనీస్‌లో అడిగింది. చిట్టి ఆమె పెన్ను లాక్కుంది. మా అమ్మాయి తెలుగులో అడిగింది. అట్ట తిరగేసి వెనక ఏముందో చూసింది. నేను ఇక ఉండబట్టలేక "భౌభౌ ఏదమ్మా?" అన్నాను. టక్కున కుక్క మీద వేలుపెట్టింది. నర్సు నాకేసి తిరిగి తల వంచింది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు కూడా అంత పొంగిపోలేదు నేను. పళ్ల డాక్టరు, తల్లి ఎదురెదురుగా మోకాళ్లు ఆనించుకు కూర్చున్నారు. ఆ ఒళ్ల మీద పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి నోరు చూశారు. రాత్రిపూట పెద్దవాళ్లే చివర్లో ఒకసారి తోమాలట, బడికెళ్లే వయసొచ్చినా సరే. ఊడిపోయే పళ్లకి ఇంత సేవ!

తల్లీబిడ్డల పుస్తకంలో ఈ వయసుకి ఉన్న ప్రశ్నలు అమ్మాయి చదివి చెప్పింది. సొంతంగా నడిచిందెప్పుడు? గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతుందా? టీవీలోవాళ్లని, పెద్దవాళ్లని చూసి అనుకరిస్తుందా? చివర్లో ప్రశ్నలు తల్లికి. పిల్లని పెంచడంలో కష్టంగా ఉందా? మనసు విప్పి చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా? మా అమ్మాయి ఏ గడిలో గీత పెట్టిందో నేను చూడలేదు. మన దగ్గర బాలింతని చూడ్డానికి వచ్చినవాళ్లు పాలు పడుతున్నాయా, వెల్లుల్లి తింటున్నావా అని అడుగుతారు. మనసు విప్పి చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని అడగ్గా నేనెన్నడూ వినలేదు. అడక్కుండానే నలుగురూ చుట్టూ ఉంటారులే అనుకుంటాం.

అరిసెల డబ్బా ఇంకా అలాగే ఉంది. చిట్టి మొదటి అడుగులు టోక్యోలో వేసింది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, గడప దాటితే గారెలు. ఈ లెక్కలో ఒకటి బాకీ పడిపోయింది. అంతలో పక్క భవనంలో ఉన్న చిట్టి డేకేర్ స్నేహితుడి తమ్ముడికి మొదటి పుట్టినరోజు, రమ్మన్నారు. వాళ్లది క్యూషూ దీవిలోని ఫుకుఒకా. నాయనమ్మ కూడా వచ్చింది. గది మధ్యలో తట్ట మీద గుండ్రటి మోచి, జిగురు బియ్యం ఉడికించి దంచి చేసిన పెద్ద తెల్లని ముద్ద. దాదాపు రెండు కిలోలుంటుంది. మిగతా జపాన్‌లో దాన్ని పిల్లాడి వీపుకి కడతారట. వాడు బరువుకి పడిపోయి ఏడుస్తాడు, అందరూ సంతోషిస్తారు. క్యూషూవాళ్లు మాత్రం పిల్లాడికి బుల్లి గడ్డి చెప్పులు తొడిగి మోచి మీద నిలబెడతారు. నాయనమ్మ చంకల్లో చేతులేసి ఎత్తి అడుగు పెట్టించింది.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఎన్ని వేల మైళ్ల దూరం! బియ్యంతో చేసిన వంటకం, దాని మీద పసివాడి అడుగు, తర్వాత ముక్కలు చేసి చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ పంచడం. అక్కడితో అయిపోలేదు. లెక్కల పూసల చట్రం, కుంచె, డబ్బు, కత్తెర ముందు పెట్టి వాడేది పట్టుకుంటాడో చూశారు. వాడు కుంచె పట్టుకున్నాడు. అన్నప్రాశననాడు చిట్టి ముందు పుస్తకం, బంగారం, పెన్ను అన్నీ పెడితే అది పాయసం గరిటె పట్టుకుంది. ఆ సంగతి మా అమ్మాయి చెప్తే ఆ నాయనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను లేచి ఇంటికెళ్లి డబ్బా తెచ్చాను. పళ్లెంలో అరిసెలు వరసగా పేర్చి, పైన పల్చటి గుడ్డ కప్పి, చిట్టి చెయ్యి పట్టుకున్నాను. రెండు అడుగులు బుద్ధిగా వేసింది. మూడో అడుగుకి కూర్చుని గుడ్డ తీసి ఒకటి తినేసింది. మిగతావి ఆ ఇంట్లో పంచాం. ఫుకుఒకా నాయనమ్మ అరిసె తుంచి, నువ్వులు చూసి, ఇది ఎలా చేస్తారని చేతులతోనే అడిగింది. తడిబియ్యం దంచడం, పాకం పట్టడం, నూనె ఒత్తడం అన్నీ చేతులతోనే చెప్పాను. ముదురుపాకం సంజ్ఞ దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు ఇరుక్కుపోయాం.

మీరెవరైనా మనవల కోసం అటు వెళ్తే ఆకాశహర్మ్యాలు అల్లుళ్లకి వదిలెయ్యండి. నిషి-కసాయ్ నుంచి ఒక్క స్టేషను అవతల, కసాయ్‌లో, పట్టాల వంతెన కిందే మెట్రో మ్యూజియం ఉంది. 1927లో ఆ దేశపు మొట్టమొదటి భూగర్భ రైలుగా నడిచిన పసుపుపచ్చ పెట్టె అక్కడ నిలబెట్టారు. తెనాలి జంక్షన్‌లో పెరిగినదాన్ని, నాకే బయటికి రాబుద్ధి కాలేదు. కసాయ్ రింకాయ్ పార్కు అక్వేరియంలో 2,200 టన్నుల నీళ్లున్న గుండ్రటి తొట్టిలో ట్యూనాలు మన చుట్టూ తిరుగుతాయి. నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే చిట్టి అరగంటసేపు కింద ఉన్న కడ్డీ పట్టుకుని ఊగింది.

దానికి అన్నిటికంటే నచ్చింది ఇంటి దగ్గర గ్యోసెన్ పార్కులోని చిన్న జూ. టికెట్ లేదు. ఎర్ర పాండాలు, పెంగ్విన్లు ఉన్నాయి, చిట్టి వాటివైపు చూడనే లేదు. మేకని చూసి కేక పెట్టింది. నిజం మేకని చూడ్డం దానికి అదే మొదలు. తెనాలిలో మా గేటు తోసుకొచ్చి మందార మొక్కలు మేసిపోయే మేకల్ని ఎన్నిసార్లు తరిమానో! గినీ పిగ్‌ని ఒళ్లో పెట్టుకోనిస్తారు కూడా, దానికి వేళలున్నాయి. చేతులు కడుక్కునే కుళాయి పిల్లల ఎత్తులోనే ఉంటుంది, వంగాల్సింది మీరే. సోమవారం మాత్రం వెళ్లకండి, మూసేస్తారు. గేటు దగ్గర నిలబడి మేక లేదని ఏడాదిన్నర పిల్లకి నచ్చజెప్పడం ఏ భాషలోనూ కుదిరే పని కాదు.